మా పట్టణ పార్కులో పిల్లల ఆట పరికరాలను మారుస్తున్నారు: వార్డు తరఫున ఏమేమి అడగాలి?

ప్రశ్న: రుషికుల్య

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గంజాం జిల్లాలో సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉన్న ఒక చిన్న పట్టణం. మా వార్డులో తెలుగు కుటుంబాలూ ఒడియా కుటుంబాలూ కలిసిమెలిసి ఉంటాయి. ఆ పిల్లలందరికీ ఆడుకోవడానికి ఉన్నది ఒక్కటే పార్కు. అందులోని పరికరాలు చాలా పాతవి: ఇనుప గొట్టాలతో చేసిన రెండు ఉయ్యాల చట్రాలు, ఇనుప రేకు జారుడుబల్ల, ఒక సీ-సా బల్ల, పిల్లలు పట్టుకుని తిప్పుకునే ఒక గుండ్రటి చక్రం. వీటన్నింటినీ తీసివేసి కొత్తవి పెట్టడానికి నిధులు మంజూరయ్యాయనీ, టెండరు పిలిచే ముందు వార్డు ప్రజల సూచనలను వ్రాతపూర్వకంగా తీసుకుంటామనీ పురపాలక కార్యాలయం వారు తెలియజేశారు. మమ్మల్ని ముందుగా అడగడం నిజంగా సంతోషించదగిన విషయం. ఈ అవకాశాన్ని చేజార్చుకోకూడదన్నదే నా తాపత్రయం.

పాత పరికరాలు మార్చవలసిన స్థితిలోనే ఉన్నాయనడంలో సందేహం లేదు. ఒక ఉయ్యాల గొలుసు పైదూలానికి తగులుకునే చోట ఎస్ ఆకారపు కొక్కెం వంపు దగ్గర సగానికి పైగా అరిగిపోయింది. జారుడుబల్ల చివరి రేకు పైకి లేచి అంచు పదునుదేలడంతో, ఎవరో పాత టైరు ముక్కను చీల్చి దానిమీద తొడిగి తీగతో కట్టారు. ఆ తీగ కొనలే ఇప్పుడు పిల్లల కాళ్లకు గీసుకుంటున్నాయి. అయినా మా పెద్దలలో కొందరు, పాతకాలపు ఇనుము ఈనాటి ప్లాస్టిక్ కంటే గట్టిదనీ, మరమ్మతు చేసి రంగు వేస్తే మరో తరానికి పనికివస్తుందనీ అంటున్నారు. చిన్నపిల్లల తల్లిదండ్రులు మాత్రం నిచ్చెన, సొరంగం, జారుడుబల్ల అన్నీ ఒకేచోట ఉండే రంగురంగుల మల్టీప్లే కావాలంటున్నారు. కార్యాలయం వారు చూపించిన నమూనా చిత్రంలో అలాంటిదే ఉంది. దాని కింద నేలంతా సిమెంటు పేవర్ బ్లాకులు పరిచి ఉన్నాయి. అది నాకు నచ్చలేదు. అయితే నచ్చలేదని చెబితే సరిపోదు కదా, కారణం కాగితం మీద పెట్టాలి.

పరికరాల కింద నేల ఎలా ఉండాలి, పాతవాటిలో ఏదైనా ఉంచుకోదగినది ఉందో లేదో ఎలా పరీక్షించాలి, మా ఉప్పుగాలికి ఏ లోహం, ఏ ప్లాస్టిక్ నిలుస్తుంది, టెండరులో ఏ మాటలు తప్పక ఉండాలి అన్న విషయాల్లో అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: మహేంద్రతనయ

రుషికుల్య గారూ, పేవర్ బ్లాకులు మీకు నచ్చకపోవడానికి బలమైన కారణమే ఉంది, కనుక దానితోనే మొదలుపెడతాను. నేను పర్లాకిమిడి ప్రాంతంలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిని. మా బడి ఆవరణలో ఉయ్యాలలు పెట్టే ముందు ఆటస్థలాల భద్రతా ప్రమాణాలను శ్రద్ధగా చదివాను. ఆటస్థలాల్లో పిల్లలకు తగిలే గాయాలలో ఎక్కువ భాగం పైనుంచి కింద పడటం వల్ల కలిగేవే. పడిన బిడ్డ మోకాలు గీసుకుని లేస్తుందా, చేయి విరుగుతుందా, తలకు దెబ్బ తగులుతుందా అన్నది పరికరం ఖరీదును బట్టి కాక, ఎంత ఎత్తు నుంచి ఎలాంటి నేల మీద పడిందన్న దానిని బట్టి ఉంటుంది. అమెరికా ప్రభుత్వపు వినియోగ వస్తువుల భద్రతా సంఘం ప్రజా ఆటస్థలాల కోసం ఇచ్చిన మార్గదర్శకాలు సిమెంటు, తారు, గట్టి మట్టి మాత్రమే కాక, రాకపోకలకు అరిగిపోయే పచ్చిక కూడా ఎక్కే పరికరాల కింద పనికిరాదని స్పష్టంగా చెబుతున్నాయి. ఐరోపా దేశాలలో పరికరాలకు ఈఎన్ 1176, నేలకు ఈఎన్ 1177 అని రెండు వేర్వేరు ప్రమాణాలు ఉండటాన్ని బట్టి నేలకు ఎంత ప్రాధాన్యం ఇస్తారో గ్రహించవచ్చు.

నేల మెత్తదనాన్ని కొలవడానికి తల ఆకారపు బరువును వివిధ ఎత్తుల నుంచి జారవిడిచి, తలకు తగిలే దెబ్బ తీవ్రతను తెలిపే సూచిక 1000 దాటకుండా ఎంత ఎత్తు వరకు ఉంటుందో చూస్తారు. ఆ ఎత్తునే ఆ నేలకు అనుమతించదగిన పతనపు ఎత్తుగా ధ్రువపత్రంలో వ్రాస్తారు. రబ్బరు టైల్స్ అమ్మేవారు మందం ఎంతో చెబుతారు గాని ఈ ఎత్తు ఎంతో చెప్పరు. మీరు అడగవలసినది రెండవదే. ఆరడుగుల వేదిక ఉన్న మల్టీప్లే కింద, సిమెంటుకు అతికించిన పలుచని రబ్బరు టైలు వేస్తే, అది చూపులకు మెత్తగా కనిపించే గట్టి నేలే అవుతుంది.

ఖర్చు తక్కువలో అయ్యేది ఇసుక. పైన చెప్పిన మార్గదర్శకాల ప్రకారం, అణిగి సర్దుకున్న తరువాత 9 అంగుళాల లోతు మిగిలే ఇసుక 4 అడుగుల ఎత్తు నుంచి పడినప్పుడు రక్షణ ఇస్తుంది. అదే లోతులో చెక్క పేళ్లు 10 అడుగుల వరకు పనికివస్తాయి. కానీ మన తేమకూ చెదలకూ అవి ఎంతకాలం నిలుస్తాయన్నది నాకు నమ్మకం కలిగించే విషయం కాదు. ఇసుకను ఎంచుకుంటే పరికరాల ఎత్తును కూడా దానికి తగ్గట్టు 4 అడుగులకు పరిమితం చేయాలి. అలా చేస్తే చిన్నపిల్లలకు నష్టమేమీ లేదు, వారి ఆటకు అంతకంటే ఎత్తు అవసరం లేదు కూడా. ఉయ్యాల కిందా జారుడుబల్ల చివరా పిల్లల కాళ్ల తాకిడికి ఇసుక పక్కలకు పోయి గుంట పడుతుంది కనుక, దానిని తిరిగి లాగి సమం చేసే పని ఒకరికి అప్పగించి తీరాలి. పార్కుకు గేటు, కంచె లేకపోతే కుక్కలు, పశువులు ఆ ఇసుకను పాడుచేస్తాయి. అడుగున నీరు పోయే దారి లేకపోతే వానాకాలమంతా అది మడుగై ఉంటుంది.

మీరు సముద్రానికి దగ్గర అన్నారు కాబట్టి ఇంకొక మాట. దగ్గరలో దొరుకుతుంది కదా అని సముద్రపు ఇసుకను తోలించనివ్వకండి. అందులోని ఉప్పు ఇనుప కాళ్లను తినేస్తుంది. పైగా మీ ఛత్రపురం వైపు తీరపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్‌తో పాటు థోరియం అనే రేడియోధార్మిక మూలకం ఉండే మోనజైట్ కూడా ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ వారు అక్కడ ఇసుక ఖనిజాలను తీస్తున్నది అందుకే. కడిగిన నది ఇసుక, మట్టి కలవనిది, గుండ్రటి రేణువులు కలది అని స్పష్టంగా వ్రాయించండి.

ఉయ్యాలలకు స్థలం ఎంత కావాలో కూడా చాలామంది లెక్కవేయరు. పైదూలం 8 అడుగుల ఎత్తులో ఉంటే ముందుకు 16 అడుగులు, వెనుకకు 16 అడుగులు మెత్తటి నేల ఉండాలి, ఆ పరిధిలో మరే పరికరమూ నడకదారీ ఉండకూడదు. మిగిలిన పరికరాల చుట్టూ కనీసం 6 అడుగులు. ఒక చట్రంలో రెండు సీట్లకు మించి వేలాడదీయకూడదు, ఎందుకంటే మూడవది ఉంటే మధ్యలో కూర్చున్న బిడ్డ దిగాలంటే ఊగుతున్న రెండు సీట్ల మధ్య నుంచి రావలసి వస్తుంది. ఈ కొలతలు వేసుకుని చూస్తే మీ పార్కులో నమూనా చిత్రంలోనివన్నీ పడతాయో లేదో మీకే తెలుస్తుంది.

జవాబు: లోహకారుడు

నేను బరంపురంలో ఫ్యాబ్రికేషన్ పని చేయిస్తుంటాను. నేల గురించి పై సోదరి చెప్పిన దానికి చేర్చవలసినది ఏమీ లేదు. ఇనుము గురించి చెబుతాను.

మీ పెద్దల మాటను పూర్తిగా తోసిపుచ్చకండి. పాత చట్రాలలో కొన్ని మందమైన గొట్టంతో చేసినవి, వాటి పైభాగం ఇప్పటికీ దృఢంగానే ఉండవచ్చు. అయితే ఇనుప కాలు పోయేది పైన కాదు, నేలను తాకే చోట. తేమ, ఉప్పు, గాలి మూడూ కలిసేది అక్కడే. పైన ఏటేటా రంగు వేస్తారు గనుక లోపల జరిగేది కనిపించదు. ప్రతి కాలు చుట్టూ ఒక జానెడు లోతు తవ్వించి, రంగును గీకించి, చిన్న సుత్తితో కొట్టి చూడండి. గట్టి గొట్టం ఖంగుమని మోగుతుంది. లోపల తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది, ఒక్కొక్కసారి సుత్తి దెబ్బకే రేకు పొరలుగా ఊడివస్తుంది. ఒక్క కాలు అలా ఉన్నా ఆ చట్రాన్ని తుక్కుకు వేయవలసిందే, అతుకులు వేయించవద్దు. నాలుగు కాళ్లూ గట్టిగా ఉంటే చట్రాన్ని ఉంచుకుని గొలుసులు, కొక్కేలు, బేరింగులు, సీట్లు మార్చడం తప్పేమీ కాదు. సీట్లు మాత్రం రబ్బరువే కావాలి. చెక్క పలక గాని ఇనుప పలక గాని ఊగుతూ వచ్చి నుదుటికి తగిలితే దెబ్బ చాలా తీవ్రంగా ఉంటుంది.

గుండ్రటి చక్రాన్నీ సీ-సా బల్లనూ ఉంచమని నేను సలహా ఇవ్వను. ఆ పాత చక్రాలకు వేగాన్ని అదుపు చేసే ఏర్పాటు ఉండదు, అడుగున నేలకూ పళ్లేనికీ మధ్య కాలు ఇరుక్కునే సందు ఉంటుంది.

పాత రంగును గీకేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. గృహ, అలంకరణ రంగులలో సీసం పదిలక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న కేంద్ర నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమలయింది. అంతకుముందు వేసిన పసుపు, ఎరుపు, ఆకుపచ్చ పూతలలో సీసం ఉందనే భావించి పని చేయాలి. పొడిగా గీకితే ఆ ధూళి పిల్లలు ఆడే మట్టిలోనే కలుస్తుంది. కాబట్టి తడి చేసి గీకించి, కింద టార్పాలిన్ పరచి, పెచ్చులన్నీ ఎత్తి తీసుకుపోయేలా చూడండి. వీలైతే చట్రాన్ని ఊడదీసి పార్కు బయట ఈ పని చేయించడం ఉత్తమం. కొత్త పరికరాలకు వేసేది కర్మాగారపు పూత, ఆ నిబంధన దానికి నేరుగా వర్తించదు, కనుక అదే 90 పరిమితిని టెండరులో విడిగా వ్రాయించండి.

ఇక కొత్త ఇనుము. గాల్వనైజ్డ్, అంటే జింకు పూత వేసిన గొట్టం (జీఐ) అని వ్రాస్తే చాలదు. మామూలుగా జరిగేదేమిటంటే, బజారులో దొరికే జీఐ గొట్టాలను తెచ్చి కోసి వెల్డింగ్ చేస్తారు. వెల్డింగ్ వేడికి అతుకుల దగ్గర జింకు పూత కాలిపోతుంది, అక్కడ వెండి రంగు పూసి కప్పేస్తారు. మీ ఊరి గాలికి రెండు వానాకాలాలు గడవకముందే ఆ అతుకుల దగ్గర ఎర్రటి చారలు మొదలవుతాయి. చేయవలసినది దీనికి తలకిందులు: కోయడం, రంధ్రాలు వేయడం, వెల్డింగ్ చేయడం అన్నీ ముందు పూర్తిచేసి, ఆ తరువాత మొత్తం భాగాన్ని కరిగిన జింకులో ముంచాలి. దీనికి ఐఎస్ 4759 అనే భారతీయ ప్రమాణం ఉంది, ఆ సంఖ్యను పేర్కొనమనండి. గొట్టాలకు ఐఎస్ 1239. అందులో పసుపు పట్టీ ఉన్నది తేలిక రకం, నీలం పట్టీది మధ్యరకం, ఎర్ర పట్టీది బరువైన రకం. కాళ్లకూ పైదూలాలకూ ఎర్ర పట్టీ గొట్టమే కావాలని అడగండి, సరుకు దిగినప్పుడు రంగు వేయకముందే మీ వార్డువారు ఒకరు వెళ్లి ఆ పట్టీని కళ్లారా చూడాలి. బోల్టులు స్టెయిన్‌లెస్ 316 రకానివి అయితే సముద్రపు గాలిని 304 కంటే బాగా తట్టుకుంటాయి. బోల్టు కొనలు బయటకు పొడుచుకురాకుండా టోపీలు ఉండాలి, లేకపోతే జారుడుబల్ల పైన చున్నీ గాని మెడలోని తాడు గాని చిక్కుకుని ప్రాణం మీదకు వస్తుంది. కటకటాల మధ్య సందు మూడున్నర అంగుళాలకు తక్కువగానైనా ఉండాలి, తొమ్మిది అంగుళాలకు ఎక్కువగానైనా ఉండాలి. ఆ రెంటి మధ్యలో ఉంటే చిన్నపిల్లల ఒళ్లు దూరి తల ఇరుక్కుపోతుంది.

ప్లాస్టిక్ విషయంలో, ఎండకు తట్టుకునే రసాయనం కలిపిన ఎల్ఎల్‌డీపీఈని అచ్చుపోసి చేసిన భాగాలను కోరండి. ఫైబర్ జారుడుబల్లలు మొదట మెరుస్తాయి గాని, పైపూత ఎండకు పోయాక గాజు పీచు బయటపడి ఒంటికి గుచ్చుకుంటుంది.

జవాబు: నాగావళి

రాయగడ నుంచి వ్రాస్తున్నాను. ఇసుక గురించి మహేంద్రతనయ గారు చెప్పినవన్నీ సరైనవే అయినా, మొత్తం ఇసుకే పరిస్తే మా అమ్మాయి వంటి పిల్లలకు ఆ పార్కు తలుపు మూసినట్లే అవుతుందని గట్టిగా చెప్పదలచుకున్నాను. మా అమ్మాయికి చక్రాల కుర్చీ తప్పనిసరి. దాని ముందు చక్రాలు ఇసుకలో దిగబడిపోతాయి. తోటిపిల్లలు ఆడుకుంటూ ఉంటే తను అంచున ఆగి చూస్తూ ఉంటుంది. తల్లిగా ఆ దృశ్యాన్ని భరించడం ఎంత కష్టమో మాటల్లో చెప్పలేను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రజా స్థలాలను అందరికీ అందుబాటులో ఉంచాలని ఆదేశిస్తోంది. పిల్లల ఆటస్థలం ప్రజా స్థలం కాదని ఎవరూ అనలేరు.

ఖర్చు మాటకు నా దగ్గర ఒక ప్రతిపాదన ఉంది. నేలంతా రబ్బరు వేయమని అడగవద్దు. గేటు నుంచి పరికరాల వరకు గట్టిగా, సమంగా, కనీసం నాలుగడుగుల వెడల్పున ఒక దారి, ఆ దారి చేరే చోట ఒక ఉయ్యాల, నేలమట్టంలో ఆడుకునే ఒకటి రెండు పరికరాలు, వాటి కింద మాత్రం ధ్రువపత్రం ఉన్న రబ్బరు నేల, మిగిలినదంతా ఇసుక. ఆ ఉయ్యాలలో వీపుకు ఆనుడు, నడుముకు పట్టీ ఉన్న సీటు ఒకటి ఉంటే చాలు, నిటారుగా కూర్చోవడం కష్టమైన పిల్లలు కూడా ఊగగలరు. వాలు ఎక్కడైనా అవసరమైతే పన్నెండు అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు మించకూడదు. ఇసుక తొట్టిని బల్ల ఎత్తుకు లేపి కట్టిస్తే కుర్చీలో కూర్చున్న బిడ్డ చేతికి కూడా ఇసుక అందుతుంది. ఇది పెద్ద ఖర్చు కాదు, మేస్త్రీ ఒక పూటలో కట్టగలిగిన పని.

రబ్బరును అక్కడికక్కడ పోసి చదును చేసే పద్ధతి ఎంచుకుంటే వానాకాలంలో ఆ పని చేయించకండి. ఆరేలోపు వాన పడితే జిగురు సరిగా గట్టిపడదు.

నీడ గురించి ఎవరూ ప్రస్తావించలేదు. మన ఎండలకు లోహపు జారుడుబల్లే కాదు, నల్లటి రబ్బరు నేల, ముదురు రంగు ప్లాస్టిక్ కూడా చిన్నపిల్లల చర్మం కమిలేటంత వేడెక్కుతాయి. వేపో కానుగో ఇప్పుడే నాటించి, అవి ఎదిగే వరకు షేడ్ నెట్ కట్టించమని అడగండి. ఆ నెట్‌ను తుపాను హెచ్చరిక రాగానే విప్పేందుకు వీలుగా కొక్కేలతో బిగించాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2018 అక్టోబరు 11న తిత్లీ మన ప్రాంతాన్ని ఎలా కుదిపేశాయో చూసినవారికి ఈ మాట అతిగా అనిపించదు.

జవాబు: విశ్రాంత ఉద్యోగి

ఒడిశాలోని ఒక పురపాలక సంఘంలో ఇంజినీరింగ్ విభాగపు ఫైళ్లు చూసి పదవీ విరమణ చేశాను. పైన చెప్పినవన్నీ మంచి సూచనలే, కాని సమావేశంలో నోటిమాటగా చెబితే అవి మినిట్స్‌లో ఒక్క వాక్యంగా మిగిలిపోతాయి. కాంట్రాక్టరును కట్టడి చేసేది టెండరు షెడ్యూలులోని మాట మాత్రమే. ఒకసారి టెండరు ఖరారయ్యాక ఇంజినీరుకు ఎంత సదుద్దేశం ఉన్నా కొత్త అంశం చేర్చడం కష్టం. అందుచేత మీ లేఖ ఎస్టిమేటు తయారయ్యే లోపలే చేరాలి. లేఖను ఒడియాలో వ్రాయించండి. రెండు ప్రతులు తీసుకువెళ్లి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. కౌన్సిలర్‌కు, కార్యనిర్వహణాధికారికి వేర్వేరుగా ఇవ్వండి. తెలుగువారూ ఒడియావారూ కలిసి సంతకాలు చేసిన లేఖకు బరువు ఎక్కువ.

పార్కులు, ఆటస్థలాలు కల్పించడం రాజ్యాంగంలోని పన్నెండవ షెడ్యూలులో పట్టణ సంస్థలకు సంబంధించిన విషయంగానే ఉంది. 74వ సవరణతో చేరిన షెడ్యూలు అది. కాబట్టి మీరు అడుగుతున్నది దయాధర్మం కాదు. పట్టణ సదుపాయాల కోసం 2015లో మొదలైన కేంద్ర ప్రభుత్వ అమృత్ పథకంలో కూడా పార్కుల కోసం, పిల్లలకు అనువైన ఏర్పాట్ల కోసం గరిష్ఠంగా 2.5 శాతం కేటాయింపు ఉండేది. బరంపురం ఆ పథకపు నగరాలలో ఒకటి. మీ పనికి వచ్చిన నిధులు ఏ పద్దు కిందివో తెలుసుకోండి. కొన్ని పద్దులలో నిర్వహణకు ఖర్చు పెట్టే వీలుండదు, అప్పుడు దానికి వేరే పద్దు ముందే చూపించవలసి ఉంటుంది.

నా అనుభవంలో ఆట పరికరాల పనులు చెడేది కొనుగోలులో కంటే ఆ తరువాతే ఎక్కువ. రిబ్బను కత్తిరించిన నాటి నుంచి ఆ పరికరం ఎవరి బాధ్యతో కాగితం మీద ఉండదు. తోటమాలి గడ్డి చూస్తాడు, విద్యుత్ శాఖ దీపాలు చూస్తుంది, ఉయ్యాల గొలుసును చూసేవారు ఎవరూ ఉండరు. అందుకే, లోపం తేలితే కాంట్రాక్టరే సరిచేయవలసిన లోప బాధ్యత కాలం మూడేళ్లు ఉండాలనీ, అది ముగిసే వరకు భద్రతా డిపాజిట్టు విడుదల కాకూడదనీ, అదే టెండరులో వార్షిక నిర్వహణకు విడిగా ధర కోట్ చేయాలనీ అడగండి. అదనపు గొలుసులు, కొక్కేలు, బుష్‌లు, సీట్లు ఒక జత సరుకుతో పాటే కార్యాలయానికి అప్పగించాలి. గొలుసు కోసం కొత్త ఫైలు నడపాలంటే పిల్లలు ఆ వయసు దాటిపోతారు. ఐరోపా ప్రమాణంలో మూడంచెల తనిఖీ ఉంది: తరచుగా కంటితో చూడటం, ఒకటి నుంచి మూడు నెలలకు ఒకసారి కీళ్లు, అరుగుదల పరీక్షించడం, ఏడాదికి ఒకసారి పునాదులతో సహా పూర్తి తనిఖీ. మొదటిది మీ వార్డులోని స్వయం సహాయక బృందానికి అప్పగించవచ్చు, మిగిలిన రెండూ ఇంజినీరింగ్ విభాగం చేయాలి. తుపాను తరువాత తనిఖీ పూర్తయ్యే వరకు పరికరాలకు తాళం పడాలి. పార్కులో పెట్టే బోర్డు మీద ఏ వయసు పిల్లలకు ఏ పరికరమో, ఫిర్యాదుకు ఏ ఫోను నంబరో ఒడియా, తెలుగు రెండింటిలోనూ ఉండాలని కోరండి.

టెండరు షెడ్యూలు ప్రతిని ఇవ్వడానికి ఎవరైనా తటపటాయిస్తే సమాచార హక్కు చట్టం ఉంది. ఒడిశాలో ఫారం-ఎ నింపి 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేస్తే 30 రోజులలో జవాబు రావాలి. అయితే ముందు మర్యాదగా అడగండి. చాలాసార్లు అది చాలు.

రుషికుల్య

మీ అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మహేంద్రతనయ గారు చెప్పిన లెక్క ప్రకారం పార్కులో టేపు పట్టి కొలిచాము. రెండు ఉయ్యాల చట్రాలకూ పెద్ద మల్టీప్లేకూ కలిపి చోటు చాలదని తేలింది. దానితో పెద్ద మల్టీప్లేకు బదులు నాలుగడుగులు మించని చిన్న వేదిక, రెండు జారుడుబల్లలు అడగాలని తల్లిదండ్రులు కూడా ఒప్పుకున్నారు. లోహకారుడు గారు చెప్పినట్లు కాళ్ల చుట్టూ తవ్విస్తే ఒక చట్రం రెండు కాళ్లు పూర్తిగా తినేసి ఉన్నాయి, రెండవ చట్రం నాలుగు కాళ్లూ గట్టిగా ఉన్నాయి. పెద్దల సమక్షంలోనే తవ్వించడం వల్ల ఆ వాదన అక్కడితో సమసిపోయింది. నాగావళి గారి దారి, వీపు ఆనుడు ఉన్న ఉయ్యాల మా లేఖలో మొదటి అంశాలుగా చేర్చాము. మా వార్డులోనే అలాంటి పిల్లలు ఉన్నారనీ, వారిని పార్కుకు తీసుకురావడం వారి ఇళ్లవారు ఎప్పుడో మానుకున్నారనీ లేఖ మీద సంతకాలకు తిరుగుతున్నప్పుడే తెలిసింది. మీ మాట రాకపోతే మా లేఖలో వారి ప్రస్తావనే ఉండేది కాదు.

ఒక సందేహం మిగిలింది. టెండరు, పని పూర్తయ్యేసరికి ఎన్నో నెలలు పట్టవచ్చు. అంతవరకు కాళ్లు పోయిన ఆ ఉయ్యాలను ఏమి చేయాలి? హెచ్చరిక కాగితం అంటిస్తే పిల్లలు ఆగరు.

లోహకారుడు

కాగితం సరిపోదు, మీరు చెప్పింది నిజం. గొలుసును పైదూలానికి చుట్టి కట్టడం కూడా చేయవద్దు, పెద్ద పిల్లలు ఎక్కి విప్పుతారు, ఆ ప్రయత్నంలో చట్రమే ఒరిగిపోవచ్చు. రెండు కాళ్లు తినేసిన చట్రాన్ని నిలబెట్టి ఉంచడమే ప్రమాదం. పురపాలక కార్యాలయానికి ఈరోజే వ్రాసి, కాళ్ల ఫోటోలు జతచేసి, ఆ ఒక్క చట్రాన్ని వెంటనే కోసి తీసివేయడానికి అనుమతి కోరండి. అది కొత్త టెండరు కోసం ఆగవలసిన పని కాదు. కోసేటప్పుడు మొదళ్లు నేలపైకి రెండంగుళాలు మిగిల్చి పోతుంటారు. వాటికి తగిలి పిల్లలు పడతారు, కాబట్టి కాంక్రీటు దిమ్మెతో సహా తవ్వి తీసి గుంటలు పూడ్పించండి. గట్టిగా ఉన్న రెండవ చట్రానికి మాత్రం కొత్త కొక్కేలు, గొలుసులు ఇప్పుడే వేయించవచ్చు. కొక్కెం మూతిని బాగా నొక్కించి, సందులో పలుచని రూపాయి బిళ్ల కూడా దూరకుండా చూసుకోండి. తీసిన ఇనుమును తూకం వేయించి కార్యాలయానికే అప్పగించి రశీదు తీసుకోండి. తుక్కు పురపాలక ఆస్తి గనుక, రశీదు లేకపోతే రేపు మీ వార్డువారి మీద మాట వస్తుంది.